ధనం, ఆస్తి: క్రైస్తవ దృక్పథం, బోయిన్‌పల్లి నేపథ్యం

డబ్బు ఎలా సంపాదించాలి, ఎలా ఖర్చుపెట్టాలి, ఎంత దాచుకోవాలి, ఎవరికి ఇవ్వాలి అన్న విషయాల మీద క్రైస్తవ సంఘం చేసే బోధను తెలుగు సంఘాల్లో గృహనిర్వాహకత్వం అంటారు. ఉన్నదంతా దేవునిది, మనిషి దాన్ని చూసుకోవడానికి నియమించినవాడు, ఒకనాడు లెక్క అప్పజెప్పాలి అన్నది దాని సారం. క్రైస్తవం ఉన్న ప్రతి దేశంలోనూ ఈ మాట వినిపిస్తుంది. అయితే తెలుగు క్రైస్తవుల్లో ఎక్కువమంది పూర్వీకులు భూమి లేని కూలీలు, చిన్న వృత్తులవాళ్ళు. అందువల్ల ఇక్కడ ఈ బోధ కలిగినవాళ్ళకు చెప్పే నీతిగా కన్నా, కరువులోనూ అప్పుల్లోనూ బతికినవాళ్ళు తమలో తాము కట్టుకున్న క్రమశిక్షణగా ఎక్కువ పెరిగింది. దాన్ని కానుకల ప్రసంగానికి కుదించేస్తే సగానికి పైగా పోతుంది.

బోయిన్‌పల్లి కొంత సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో, కొంత నగరపాలక సంస్థ పరిధిలో ఉంది. నాగపూర్ వైపు వెళ్ళే 44వ నంబరు జాతీయ రహదారి దీని మీదుగానే పోతుంది. సైన్యంలో పనిచేసి రిటైరైనవాళ్ళు, రైల్వే ఉద్యోగులు, నర్సులు, టీచర్లు, ఆటో డ్రైవర్లు, కూరగాయల వ్యాపారులు, అపార్ట్‌మెంట్లలో పనిచేసే ఆడవాళ్ళు పక్కపక్క వీధుల్లోనే ఉంటారు. బ్రిటిష్ దండు కాలం నుంచి సికింద్రాబాద్ చుట్టూ ఆంగ్లికన్, వెస్లియన్, కాథలిక్ ఆలయాలు వెలిశాయి. తర్వాత బాప్టిస్టు, పెంతెకోస్తు, స్వతంత్ర సంఘాలు వచ్చాయి. నెల జీతం, రోజు కూలి, పెన్షను, వ్యాపార లాభం ఒకే బల్ల మీద కూర్చునే చోటు ఇది. ధనం గురించి బైబిలు చెప్పిన మాటలు ఈ నలుగురికీ ఒకేలా వినపడవు.

లేఖనాల్లో

పాత నిబంధనలో ఆస్తి అంటే ముందు భూమి. లేవీయకాండము 25వ అధ్యాయం ప్రకారం భూమిని శాశ్వతంగా అమ్మడానికి వీల్లేదు. అసలు హక్కుదారు దేవుడు, ప్రజలు ఆయన దగ్గర కాపురమున్నవాళ్ళు. కష్టకాలంలో అమ్ముకున్న పొలం యాభయ్యో ఏట, సునాద సంవత్సరంలో, తిరిగి ఆ కుటుంబానికే చేరాలి. కోతలో మరచిపోయిన పన కోసం రైతు వెనక్కి వెళ్ళకూడదు. అది పరదేశికి, తండ్రిలేని బిడ్డకు, విధవరాలికి చెందుతుంది. రూతు బోయజు పొలంలో పరిగె ఏరుకున్నది ఈ హక్కు మీదనే.

దశమభాగం అనగానే మన సంఘాల్లో అందరికీ మలాకీ గ్రంథం మూడో అధ్యాయం, పదో వచనం గుర్తొస్తుంది. పదోవంతు మందిరపు నిధిలోకి తెమ్మని, ఆకాశపు వాకిళ్ళు తెరుస్తానని దేవుడు చెప్పే చోటు అది. అదే అధ్యాయంలో అయిదు వచనాల ముందు కూలివాడి కూలి ఎగ్గొట్టేవాళ్ళ మీద, విధవరాళ్ళను బాధించేవాళ్ళ మీద తీర్పు ఉంది. మొదటిది చదివి రెండోది వదిలేయడం న్యాయం కాదు. ద్వితీయోపదేశకాండము 14వ అధ్యాయంలో దశమభాగం తీరే వేరు. కుటుంబమంతా దాన్ని దేవుని సన్నిధికి తీసుకెళ్ళి అక్కడ సంతోషంగా తినాలి. మూడో ఏట మాత్రం ఊళ్ళోనే నిలవ చేసి లేవీయులకు, పరదేశులకు, అనాథలకు, విధవరాళ్ళకు పెట్టాలి. విందు, పేదల పోషణ, యాజకుల జీవనం అన్నీ ఆ పదోవంతులోనే ఉన్నాయి.

సువార్తల్లో యేసు ధనం గురించి చాలాసార్లు మాట్లాడాడు. లూకా 12లోని ధనికుడైన రైతు దొంగతనమేమీ చేయలేదు. పంట బాగా పండింది, పెద్ద కొట్లు కట్టుకుందామనుకున్నాడు, ఆ రాత్రే ప్రాణం పోయింది. ఆలోచనంతా తన చుట్టూనే తిరగడం అతని తప్పు. లూకా 19లో జక్కయ్య సుంకం వసూలు చేసేవాడు. సగం ఆస్తి పేదలకిచ్చి, అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలుగా తిరిగిస్తానన్నాడు. ఆ రెండో మాట ముఖ్యం. మోసపోయినవాళ్ళకు వాళ్ళ డబ్బు వెనక్కి చేరకుండా దానం మాత్రమే చేస్తే లెక్క సరిపోదు.

మార్కు 12లో రెండు కాసులు వేసిన విధవరాలి కథ కానుకల ఆదివారం తప్పకుండా వినిపిస్తుంది. ఆ కథకు ముందే, విధవరాళ్ళ ఇళ్ళను దిగమింగుతూ పొడుగాటి ప్రార్థనలు చేసే శాస్త్రులను యేసు గట్టిగా ఖండించాడు. ఆ రెండూ కలిపి చదివితే ఆ తల్లి త్యాగం ఎంత గొప్పదో తెలుస్తుంది, ఆమె చేతిలో ఆ రెండు కాసులే ఎందుకు మిగిలాయన్న ప్రశ్న కూడా వస్తుంది.

యెరూషలేములోని మొదటి సంఘం ఆస్తులు అమ్మి అవసరం ఉన్నవాళ్ళకు పంచింది. అననీయ, సప్పీరాలు పొలం అమ్మి కొంత దాచుకుని అంతా ఇచ్చామన్నారు. అమ్మకముందు పొలం నీదే, అమ్మాక డబ్బూ నీ చేతిలోనే ఉంది కదా అని పేతురు అడుగుతాడు. అంటే సొంత ఆస్తి ఉండటాన్ని అతను తప్పుపట్టలేదు, అబద్ధాన్ని పట్టాడు. పౌలు మాసిదోనియ, కొరింథు సంఘాల నుంచి యెరూషలేము పేదల కోసం చందా పోగుచేసినప్పుడు ఆ డబ్బు తానొక్కడే మోసుకుపోలేదు. ఎవరూ వేలెత్తి చూపకుండా సంఘాలు ఎన్నుకున్న మనుషులను వెంటపెట్టుకున్నాడు. సంఘపు సొమ్ముకు లెక్క ఎలా ఉండాలో చెప్పే తొలి ఉదాహరణల్లో ఇది ఒకటి.

నాలుగో శతాబ్దంలో కైసరయ బిషప్ బాసిల్, పెట్టెలో వాడకుండా పడి ఉన్న బట్ట అసలు బట్టలేనివాడిదని బోధించాడు. పేదలకు, రోగులకు ఆశ్రయాలు కట్టించాడు. 18వ శతాబ్దంలో జాన్ వెస్లీ ధనం వాడకం మీద 1760లో అచ్చయిన ప్రసంగంలో మూడు సూత్రాలు చెప్పాడు: ఎవరికీ హాని చేయకుండా వీలైనంత సంపాదించు, వృథా చేయకుండా వీలైనంత మిగుల్చు, మిగిలింది వీలైనంత ఇచ్చెయ్యి. మూడోది లేకపోతే మొదటి రెండూ మనిషిని పాడుచేస్తాయని ఆయన వృద్ధాప్యంలో పదే పదే వాపోయాడు. కష్టపడి పొదుపు చేసే మెథడిస్టులు ధనవంతులవుతున్నారు, ధనవంతులై భక్తి పోగొట్టుకుంటున్నారు అన్నది ఆయన బాధ. సికింద్రాబాద్‌లో వెస్లీ పేరు ఆలయాల మీద, బడుల మీద, కాలేజీ మీద కనిపిస్తుంది. ఆ ప్రసంగం సంగతి మాత్రం అంతగా వినిపించదు.

తూకం, కూలి

బోయిన్‌పల్లిలో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కూరగాయల మార్కెట్ యార్డు ఉంది. చుట్టుపక్కల జిల్లాల నుంచీ పక్క రాష్ట్రాల నుంచీ సరుకు వస్తుంది. రైతు తెచ్చిన టమాట, పచ్చిమిర్చి, బెండ కమీషన్ ఏజెంటు చేతికి, అతని దగ్గర్నుంచి చిల్లర వ్యాపారికి, తోపుడుబండికి, చివరికి మన సంచిలోకి చేరతాయి. ప్రతి మెట్టులోనూ తూకం ఉంది. బస్తా దింపిన హమాలీకి కూలి ఉంది.

బైబిల్లో ధర్మశాస్త్రం సంతకు కూడా వస్తుంది. సంచిలో పెద్ద రాయొకటి, చిన్న రాయొకటి పెట్టుకోకూడదని ద్వితీయోపదేశకాండము 25 చెబుతుంది. కొనేటప్పుడు ఒక తూకం, అమ్మేటప్పుడు ఒక తూకం ఉండకూడదని దాని భావం. కొలపాత్ర చిన్నది చేసి, తాలు గింజలు కూడా అమ్ముకునే వ్యాపారులను ఆమోసు ప్రవక్త తిట్టిపోశాడు. గంప పైన నిగనిగలాడే వంకాయలు, అడుగున పుచ్చులు పెట్టే అలవాటు అంత పాతదన్నమాట. క్రైస్తవ వ్యాపారి నమ్మకానికి మొదటి పరీక్ష ఆదివారం కానుక సంచి దగ్గర కాదు, సోమవారం తెల్లవారుజామున తూకం దగ్గర.

కూలి విషయంలో లేఖనాలు ఇంకా కటువుగా ఉంటాయి. రోజు కూలి సూర్యుడు అస్తమించేలోగా ఇచ్చెయ్యాలి, పేదవాడు దాని మీదే ప్రాణం పెట్టుకున్నాడు అని మోషే ధర్మశాస్త్రం. ఇవ్వకుండా పట్టుకున్న కూలి దేవునికి మొరపెడుతోందని యాకోబు పత్రిక. మత్తయి 20లోని ఉపమానం హైదరాబాద్ లేబర్ అడ్డా తెలిసినవాళ్ళకు వెంటనే అర్థమవుతుంది. యజమాని పొద్దున వచ్చి కొందరిని పనికి పిలుస్తాడు, మళ్ళీ తొమ్మిదింటికి, మధ్యాహ్నం, మూడింటికి, చివరికి సాయంత్రం అయిదింటికి కూడా వస్తాడు. అప్పటిదాకా అడ్డా మీద నిలబడ్డవాళ్ళను ఎందుకు ఊరికే ఉన్నారని అడిగితే, మమ్మల్ని ఎవరూ పిలవలేదంటారు. గంట పనికే అతను రోజు కూలి మొత్తం ఇస్తాడు. దేవుని కృపను చెప్పడానికి వాడిన కథ ఇది. అయినా రోజు కూలి అంటే ఒక ఇంటి రోజు తిండి అని తెలిసినవాడు చెప్పిన కథ కూడా ఇది. పనిమనిషి నాలుగు రోజులు జ్వరంతో రాకపోతే జీతంలో కోత పెట్టి, ఆ డబ్బుతో పదోవంతు సర్దుకునే ఇల్లు ఈ ఉపమానాన్ని ఇంకోసారి చదవాలి.

ఇదే మార్కెట్ యార్డులో మిగిలిపోయిన, కుళ్ళిన కూరగాయల నుంచి బయోగ్యాస్, కరెంటు తయారుచేసే ప్లాంటు నడిచింది. భారత రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) శాస్త్రవేత్తల పరిజ్ఞానంతో ఏర్పాటైన ఆ ప్లాంటు రోజుకు 10 టన్నుల వరకు వ్యర్థాలను వాడుకుని దాదాపు 500 యూనిట్ల కరెంటు ఇస్తుందని 2021 ప్రాంతపు వార్తలు చెప్పాయి. ఆ ఏడాది జనవరిలో ప్రధానమంత్రి రేడియో ప్రసంగంలో కూడా ఆ ప్రస్తావన వచ్చింది. దీన్ని కట్టినవాళ్ళకు మత ఉద్దేశమేమీ లేదు. అయినా అయిదు వేల మందికి పెట్టిన తర్వాత మిగిలిన రొట్టెముక్కలు ఏరి పన్నెండు గంపలకెత్తించిన యేసు కథ తెలిసినవాళ్ళకు ఇది పరాయి ఆలోచన అనిపించదు. వృథా చేయకపోవడం కూడా గృహనిర్వాహకత్వమే.

అప్పు, వడ్డీ, హామీ

చిన్న వ్యాపారికి పెట్టుబడి రోజూ కావాలి. పొద్దున 900 చేతిలో పెట్టి సాయంత్రానికి 1,000 పట్టుకుపోయే గిరిగిరి వ్యాపారం హైదరాబాద్ మార్కెట్లలో అందరికీ తెలిసిందే. ఇశ్రాయేలీయుల ధర్మశాస్త్రం పేదవాడికిచ్చిన అప్పు మీద వడ్డీని నిషేధించింది. తాకట్టు పెట్టిన పైబట్టను చీకటి పడేలోగా తిరిగివ్వాలంది. రాత్రి కప్పుకోవడానికి అతనికి ఇంకేముంది అని అడిగింది. నెహెమ్యా కాలంలో కరువు వచ్చి జనం పొలాలు తాకట్టుపెట్టి, పిల్లలను దాసులుగా అమ్ముకునే స్థితికొచ్చారు. అధిపతి అయిన నెహెమ్యా సొంత జాతి పెద్దలనే సభకు పిలిచి, తీసుకున్న పొలాలు, ఇళ్ళు, నూరోవంతు వడ్డీ వెనక్కి ఇప్పించాడు. క్రీ.శ. 325లో నికయ మహాసభ తన 17వ నియమంలో ఇదే నూరోవంతు వడ్డీ తీసుకునే గురువులను పదవి నుంచి తొలగించాలని తీర్మానించింది. నూరోవంతు అంటే సాధారణంగా నెలకు నూటికి ఒకటి అని వ్యాఖ్యాతలు చెబుతారు, అంటే మన లెక్కలో నూటికి రూపాయి వడ్డీ. ఇవాళ మన వీధుల్లో రూపాయి వడ్డీకి అప్పు దొరికితే దయగల మనిషి దొరికాడనుకుంటాం.

మధ్యయుగాల్లో సంఘం వడ్డీని దాదాపు పూర్తిగా నిషేధించింది. 16వ శతాబ్దంలో జాన్ కాల్విన్, వ్యాపారానికిచ్చే పెట్టుబడి మీద న్యాయమైన వడ్డీ తప్పు కాదని, పేదవాడి అవసరం మీద లాభం తీసుకోవడం మాత్రం పాపమని విడదీశాడు. ఇప్పటి సంఘాల్లో ఎక్కువ ఈ బాటలోనే ఉన్నాయి. జర్మనీలో భక్తిగల ప్రొటెస్టెంటు, ఊరి మేయరు ఫ్రెడరిక్ రైఫైజన్ వడ్డీ వ్యాపారుల చేతుల్లో నలిగిపోతున్న రైతుల కోసం 1864లో హెడ్డెస్‌డార్ఫ్‌లో పరపతి సంఘం స్థాపించాడు. ఒకరికొకరు హామీగా ఉండటం దాని మూలసూత్రం. 1904 నాటి భారత సహకార పరపతి సంఘాల చట్టం మీద ఆ నమూనా ప్రభావం బాగా ఉంది. వై.ఎం.సి.ఎ. నాయకుడు కె.టి. పాల్ దక్షిణాదిలో గ్రామ క్రైస్తవుల కోసం అలాంటి సంఘాలను ప్రోత్సహించాడు. అప్పు మాన్పించే ప్రసంగం కన్నా తక్కువ వడ్డీకి అప్పు పుట్టించే సంఘం మేలన్న గుర్తింపు ఇందులో ఉంది. సంఘాలు ఈ దారిని మధ్యలో వదిలేయడం పెద్ద నష్టం.

చీటీలను చాలామంది విశ్వాసులు పొదుపుగానే చూస్తారు. 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం కింద నమోదైన చీటీకీ, వీధిలో నోటిమాట మీద నడిచే చీటీకీ తేడా ఉంది. సంఘ సభ్యుల మధ్య నమ్మకం మీద మొదలైన చీటీ మునిగితే డబ్బుతో పాటు సహవాసమూ పోతుంది. స్వయం సహాయక బృందాల్లో ఆడవాళ్ళు ఒకరి అప్పుకు మరొకరు పూచీ పడతారు. మైక్రోఫైనాన్సు సంస్థల వసూళ్ళ ఒత్తిడి, ఆత్మహత్యల వార్తల మధ్య 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వాటిని కట్టడి చేస్తూ ఆర్డినెన్సు తెచ్చింది. పరులకు హామీ సంతకం పెట్టకు, పెట్టి ఉంటే నిద్రపోకుండా వెళ్ళి విడిపించుకో అని సామెతల గ్రంథం చేసే హెచ్చరికలో ఆ గ్రంథ కాలపు మనుషులు కూడా పడ్డ బాధ వినిపిస్తుంది. మరోవైపు దాసుడైన ఒనేసిము బాకీ ఏమైనా ఉంటే నా లెక్కలో రాసుకో అని పౌలు అతని యజమాని ఫిలేమోనుకు స్వహస్తంతో రాసిచ్చాడు. మొదటిది బుద్ధి, రెండోది ప్రేమ. ఇంటి బియ్యం డబ్బా చూసుకోకుండా పెట్టే సంతకం పిల్లల నోటి కూడు పణంగా పెట్టడమే.

తెలుగు నేల మీద

ధనం మీద ఒక క్రైస్తవ ఆలోచన తెలుగు దేశానికి ఒక చిన్న పుస్తకం వెనకాలే వచ్చింది. ఇంగ్లండులో దంతవైద్యుడు ఆంథనీ నోరిస్ గ్రోవ్స్ 1825లో క్రైస్తవ అంకితభావం మీద పుస్తకం రాశాడు. భూమ్మీద ధనం కూడబెట్టవద్దన్న యేసు మాటను అక్షరాలా పాటించాలన్నది అతని వాదన. అతను స్వయంగా వృత్తిని, ఆస్తిని వదిలేశాడు. అతని ప్రోత్సాహంతో విలియం బౌడెన్, జార్జి బీర్ 1836లో కుటుంబాలతో వచ్చి నరసాపురంలో స్థిరపడ్డారు. వాళ్ళ వెనుక నెల నెలా జీతం పంపే మిషను సంఘం లేదు. గోదావరి డెల్టా మిషను అలా మొదలైంది. ఎవరినీ అడగకుండా దేవుని మీద ఆధారపడటం అనే ఆ పద్ధతి బ్రిస్టల్‌లో అనాథాశ్రమాలు నడిపిన జార్జి ముల్లర్‌ది కూడా. అతను గ్రోవ్స్ చెల్లెలి భర్త.

ఒంగోలు కథ వేరు. 1876-78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో దాదాపు మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టుకు తీసుకున్నాడు. వేలమందికి కూలి దొరికింది. అతని బోధకులే మేస్త్రీలుగా నిలబడ్డారు. ఇతర చోట్ల తిట్లు, మోసం ఎదురైన మాదిగ, మాల కూలీలకు ఇక్కడ చేసిన పనికి కూలి సరిగా ముట్టింది. కరువు నడిచినన్నాళ్ళూ అతను బాప్తిస్మాలు ఆపేశాడు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని అతని పట్టుదల. కరువు సాయం ముగిశాక, 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆ అంకె చరిత్రలో బాగా ప్రసిద్ధం. అంతకుముందు నెలల తరబడి అతను చూపిన నిగ్రహానికి అంతకన్నా విలువుంది. రొట్టెకూ విశ్వాసానికీ ముడిపెట్టనన్నాడు.

మెదక్‌లో వెస్లియన్ మిషనరీ చార్లెస్ పోస్నెట్ నాయకత్వంలో కట్టిన పెద్ద ఆలయం 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరుపుకుంది. కరువులో ఆకలితో వచ్చినవాళ్ళకు ఆ కట్టడం పనీ తిండీ చూపిందని మెదక్ అధ్యక్ష మండలంలో తరతరాలుగా చెప్పుకుంటారు. దక్షిణ ఇండియా సంఘంలో బోయిన్‌పల్లి ప్రాంతం ఆ మండలం కిందికే వస్తుంది.

పేదలు ఇవ్వడాన్ని ఒక విద్యగా మలిచినవాడు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. తిరునెల్వేలి జిల్లాలో 1874లో పుట్టి, 1912లో డోర్నకల్‌కు బిషప్ అయ్యాడు. భారతీయుల్లో తొలి ఆంగ్లికన్ బిషప్ ఆయనే. క్రైస్తవ దాతృత్వం మీద ఆయన రాసిన చిన్న పుస్తకం తర్వాత ఇతర దేశాల సంఘాలు కూడా చదువుకున్నాయి. పేదవాడు ఇవ్వలేడని అనుకోవడం అతన్ని తక్కువ చేయడమేనని ఆయన నమ్మాడు. పుచ్చుకునే సంఘం ఎప్పటికీ మిషనరీల మీదే ఆధారపడి ఉంటుంది, ఇచ్చే సంఘం తన కాళ్ళ మీద నిలబడుతుంది.

ఆ కాలపు సంఘాల్లో వ్యాపించిన అలవాటు పిడికెడు బియ్యం. పొయ్యి మీద ఎసరు పెట్టి, బియ్యం కడగబోయే ముందు ఇల్లాలు ఒక పిడికెడు తీసి పక్కనున్న కుండలో వేస్తుంది. పూటకో పిడికెడు. వారం చివర ఆ కుండ మందిరానికి వస్తుంది. ఆ బియ్యం కాపరి కుటుంబానికో, పేదింటికో వెళ్తుంది, లేదా అమ్మగా వచ్చిన డబ్బు సువార్త పనికి జమవుతుంది. దీనికి చేతిలో పైసా అక్కర్లేదు, ఇంటి మగవాణ్ణి అడగనక్కర్లేదు. డబ్బు మీద అధికారం లేని ఆడవాళ్ళకు సంఘంలో దాతలుగా స్థానం ఇచ్చిన అలవాటు ఇది. తక్కువైన రోజున కూడా ఆ పిడికెడు తీసిన తల్లుల వల్లే ఎన్నో పల్లె సంఘాలు బతికాయి. ఈశాన్యంలో మిజోరాం సంఘాల్లోనూ ఇదే పద్ధతి ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ళ నుంచి నడుస్తూ పెద్ద ఆదాయంగా ఎదిగింది. నగరంలో ఇది చాలావరకు పోయింది. ఇప్పుడు కానుక ఫోనులో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే పోతుంది. ఏ పూటా వంటింట్లో గుర్తుచేసేది ఏమీ లేదు.

హైదరాబాద్ ముషీరాబాద్‌లో గోల్కొండ చౌరస్తా దగ్గర 1950లో హెబ్రోను అనే ఆరాధన కేంద్రాన్ని స్థాపించిన భక్తసింగ్ మరో దారి చూపాడు. పంజాబులో 1903లో సిక్కు కుటుంబంలో పుట్టిన ఆయన విదేశీ మిషనుల జీతం తీసుకోలేదు, డబ్బు కోసం బహిరంగంగా అడగలేదు. పరిశుద్ధ సమావేశాలకు వేలమంది వస్తే అందరికీ కింద బారుగా కూర్చోబెట్టి ఉచితంగా భోజనం పెట్టేవారు. విశ్వాసులు స్వచ్ఛందంగా ఇచ్చిందే ఆధారం. 2000 సెప్టెంబరు 17న ఆయన చనిపోయేనాటికి ఆ సహవాసపు సంఘాలు దేశమంతా వ్యాపించాయి.

కానుకల తీరు

ఇప్పటి సంఘాల్లో ఆదివారం కానుక సంచి, నెలనెలా దశమభాగం కవరు, పుట్టినరోజు, పెళ్ళిరోజు కృతజ్ఞత కానుక, మొదటి జీతం ప్రథమ ఫలంగా ఇవ్వడం మామూలు. కాథలిక్ విచారణల్లో సెయింట్ విన్సెంట్ డి పాల్ సొసైటీ పేదల ఇళ్ళకు స్వయంగా వెళ్ళి సాయం చేస్తుంది. 1833లో పారిస్‌లో ఫ్రెడరిక్ ఓజనాం, అతని మిత్రులు మొదలుపెట్టిన పని అది. కాథలిక్ సభ పదోవంతు అన్న లెక్క విధించదు. పెంతెకోస్తు, స్వతంత్ర సంఘాల్లో చాలామంది అది తప్పనిసరి అంటారు. కొత్త నిబంధన స్వచ్ఛందంగా, సంతోషంగా ఇమ్మంటుందే తప్ప శాతం నిర్ణయించలేదని మిగిలినవాళ్ళు అంటారు. 8,000 జీతంలో 800కీ, 2 లక్షల జీతంలో 20,000కీ బరువు ఒకటి కాదు. మొదటి ఇంట్లో అది బడి ఫీజు. అందుకే శాతం కన్నా మిగిలినదాన్ని చూడమన్నవాళ్ళ మాటలో న్యాయం ఉంది. యేసు విధవరాలి కానుకను కొలిచిన పద్ధతీ అదే.

కోత పండుగ చూడముచ్చటగా ఉంటుంది. గుమ్మడికాయలు, కొబ్బరికాయలు, అరటిగెల, కాళ్ళు కట్టిన కోడిపుంజు, ఇంట్లో చేసిన కేకు, ఆవకాయ సీసా బలిపీఠం ముందు పేరుస్తారు. ఆరాధన అయ్యాక వేలంపాట. గొంతున్న సంఘపెద్ద ఒకాయన గుమ్మడికాయ ఎత్తిపట్టి ఒకటోసారి, రెండోసారి అంటూ ధర పెంచుతాడు. 500కు పాడుకున్నావిడ దాన్ని తిరిగి బల్ల మీదే పెట్టేస్తుంది, అది మళ్ళీ పాటకొస్తుంది. నగరంలో పొలం లేనివాళ్ళు మార్కెట్లో కొని తెస్తారు, అయినా పల్లె జ్ఞాపకం అందులో మిగిలే ఉంది. జేబులో నోట్లు లేనివాళ్ళు మౌనంగా కూర్చునే సందర్భం కూడా ఇదే. పెద్దలు అది గమనించాలి.

ఐశ్వర్య సువార్త

ఎక్కువ ఇస్తే దేవుడు ఇంకా ఎక్కువ తిరిగిస్తాడని, రోగమూ అప్పూ విశ్వాసం చాలకపోవడం వల్లేనని చెప్పే బోధను ఐశ్వర్య సువార్త అంటారు. ఇరవయ్యో శతాబ్దంలో అమెరికాలో రూపుదిద్దుకుని, టీవీ చానళ్ళ ద్వారా ఆఫ్రికాకు, తెలుగు నాటికి వచ్చింది. 2010లో కేప్‌టౌన్‌లో జరిగిన ప్రపంచ సువార్తిక క్రైస్తవుల లోసాన్ మహాసభ ప్రకటన దీన్ని తప్పుడు బోధగా తోసిపుచ్చింది. ఈ బోధ పేదలను ఎందుకు ఆకర్షిస్తుందో అర్థం చేసుకోవడం కష్టం కాదు. ఏ బ్యాంకూ గడప తొక్కనివ్వని మనిషికి దేవుడు నీవైపు ఉన్నాడని, నీ బతుకు మారుతుందని అది చెబుతుంది. ఆ ఆశను ఎగతాళి చేయకూడదు. కానీ ఇచ్చి నష్టపోయిన తల్లికి నీ విశ్వాసమే తక్కువని చెప్పడం ఆమెను రెండుసార్లు దోచుకోవడం. గారడీ సీమోను డబ్బిచ్చి దేవుని వరం కొందామనుకుంటే, నీ డబ్బు నీతోనే నశించుగాక అని పేతురు మందలించాడు. వరం అమ్మజూపేవాడికీ ఆ మందలింపు వర్తిస్తుంది.

చట్టం, వారసత్వం, సంఘ ఆస్తి

క్రైస్తవుల ఆస్తి పంపకానికి 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. వీలునామా లేకుండా భర్త చనిపోతే భార్యకు మూడోవంతు, మిగిలిన రెండు వంతులు కొడుకులకూ కూతుళ్ళకూ సమానంగా. అమ్మాయికి కట్నం ఇచ్చాం కదా, ఇక వాటా ఎందుకు అనే ఇళ్ళు క్రైస్తవుల్లోనూ ఉన్నాయి. 1961 నుంచి కట్నం నేరం, కూతురి వాటా హక్కు. రెండింటినీ కలిపి చెప్పే పెళ్ళి ప్రసంగాలు అరుదు. వీలునామా రాయడం అపశకునం అనుకుని వాయిదా వేయడం వల్ల అన్నదమ్ములు కోర్టుల చుట్టూ తిరిగిన కుటుంబాలు ఎన్నో. సంఘాల్లో ఏడాదికోసారైనా దీని మీద ఒక లాయరు చేత చెప్పిస్తే ఎంతో మేలు.

ఇదే చట్టంలోని 118వ సెక్షన్ ఒకప్పుడు విచిత్రమైన అడ్డు పెట్టింది. తోబుట్టువుల పిల్లలో, అంతకన్నా దగ్గరి బంధువులో ఉన్నవాళ్ళు మత, ధర్మ కార్యాలకు ఆస్తి రాసివ్వాలంటే చనిపోవడానికి కనీసం ఏడాది ముందు వీలునామా రాసి, ఆరు నెలల్లోగా నిర్ణీత చోట భద్రపరచాలి. లేకపోతే చెల్లదు. ఆచరణలో ఈ నిబంధన బరువు క్రైస్తవుల మీదే పడింది. 2003లో జాన్ వల్లమట్టం కేసులో సుప్రీంకోర్టు ఇది సమానత్వానికి విరుద్ధమని కొట్టేసింది.

ఆస్తి, అవకాశం విషయంలో ఇంకో చట్టం తెలుగు క్రైస్తవుల మీద పెద్ద ప్రభావం చూపింది. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి వచ్చిన దళితులకు ఎస్సీ హోదా ఉండదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో వాళ్ళను బీసీ-సి కింద చేర్చి ఒక శాతం రిజర్వేషన్ ఇస్తున్నారు. విశ్వాసం బయటికి చెబితే ఉద్యోగం, స్కాలర్‌షిప్ పోతాయన్న భయం ఎన్నో ఇళ్ళలో ఉంది. ధనం మీద బోధించేవాళ్ళు ఈ భారం మోస్తున్నవాళ్ళను తప్పుపట్టే ముందు వాళ్ళ పక్కన నిలబడాలి.

సంఘాల సొంత ఆస్తి సంగతికొస్తే, మిషనరీల కాలంలో కొన్న బడులు, ఆసుపత్రులు, శ్మశానాలు, ఖాళీ స్థలాలు నగరం పెరిగేకొద్దీ ఖరీదైపోయాయి. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) ఏర్పడ్డాక దాని ఆస్తులను సి.ఎస్.ఐ. ట్రస్ట్ అసోసియేషన్ అనే కంపెనీ పేరు మీదికి తెచ్చారు. పిడికెడు బియ్యంతో, విదేశాల్లోని సామాన్య విశ్వాసుల చందాలతో కూడిన ఆస్తులవి. ఇలాంటి స్థలాల లీజులు, అమ్మకాల మీద సంఘాల లోపలే వ్యాజ్యాలు నడుస్తుండటం బాధాకరం. విదేశీ విరాళాల చట్టానికి 2020లో వచ్చిన సవరణ ప్రకారం బయటి దేశాల డబ్బు ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాకే రావాలి. దాన్ని మరో సంస్థకు బదిలీ చేయకూడదు. పాలనా ఖర్చు 20 శాతం దాటకూడదు. చిన్న సేవాసంస్థలకు ఇది కష్టమైంది. స్థానిక విశ్వాసుల కానుకల మీదే నిలబడాలన్న అజరయ్య పాత పాఠం మళ్ళీ ముందుకొచ్చింది.

చిన్న సంఘాల్లో లెక్క పద్ధతి సాదాగానే ఉండొచ్చు. ఆరాధన కాగానే కానుకను ఒక్కరు కాక ఇద్దరు ముగ్గురు కలిసి లెక్కపెట్టడం, రిజిస్టరులో అంకె రాసి సంతకాలు చేయడం, మర్నాడే బ్యాంకులో వేయడం, కాపరి ఖాతా వేరు, సంఘం ఖాతా వేరు ఉంచడం, ఏడాదికోసారి ఆడిట్ చేయించి సర్వసభ్య సమావేశంలో జమా ఖర్చు చదివి వినిపించడం. ఆ సమావేశంలో రోజు కూలి మీద బతికే సభ్యురాలు కూడా లేచి, బీదల కానుక కింద వచ్చిన మొత్తం ఎవరికి చేరిందని అడగవచ్చు. పెద్దలు రిజిస్టరు తెరిచి చూపించాలి.